పిన్నుకు రంధ్రం పెట్టిందెవరు?

కంపెనీలో పుట్టిన వస్తువుకు పేటెంటు నంబరు ఉంటుంది, విడుదల తేదీ ఉంటుంది, రిబ్బను కత్తిరించిన ఫొటో కూడా ఉంటుంది. వాడేవాళ్ల చేతుల్లో పుట్టినదానికి ఇవేవీ ఉండవు. ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని ఒక మార్పు చేస్తారు. పక్కవాడు చూసి దాన్ని ఇంకొంచెం బాగు చేస్తాడు. కొన్నేళ్లు తిరిగేసరికి అదే ఫ్యాక్టరీ సరుకై దుకాణానికి వస్తుంది. ఎవరు మొదలుపెట్టారని అడిగితే నలుగురి పేర్లు వినబడతాయి. నలుగురిదీ కొంత నిజమే.

ఈ-సిగరెట్ల లోకంలో ‘స్క్వాంకింగ్’ అనే పద్ధతి సరిగ్గా ఇలాగే పుట్టింది. అరచేతిలో పట్టే ఒక పెట్టె. అందులో ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క మెత్తటి ప్లాస్టిక్ బుడ్డి. పెట్టె నెత్తిన ద్రవాన్ని ఆవిరి చేసే ఆటమైజర్. బుడ్డిని వేలితో నొక్కితే ద్రవం గొట్టంలోంచి పైకెక్కుతుంది. ఆటమైజర్ అడుగున ఉన్న పిన్నులోని సన్నటి రంధ్రం గుండా వెళ్లి, కాయిల్ అనే తీగచుట్టలో దూర్చిన దూది ఒత్తిని తడుపుతుంది. ద్రవం కిందినుంచి అందుతుంది కాబట్టి దీన్ని బాటమ్ ఫీడింగ్ అన్నారు. ఈ ఏర్పాటంతటికీ ఆయువుపట్టు ఆ రంధ్రమే. మొదట్లో అది వేరే పని కోసం ఉండేది. మధ్యలో మూసుకుపోయింది. దాన్ని మళ్లీ తెరిచినవాళ్లు ఇళ్లలో డ్రిల్లు పట్టుకుని కూర్చున్న వాడకందార్లు. ఆ రంధ్రం కథే ఇది. మన దేశంలో ఈ సరుకు మీద 2019 నుంచి నిషేధం ఉంది. కాబట్టి దీన్ని చేసి చూడమని చెప్పే పాఠంగా ఎవరూ తీసుకోనక్కర్లేదు. ఒక చిన్న ఆవిష్కరణ ఎవరి తెలివితో పుట్టిందో, ఆ తెలివికి ఏది అందలేదో చెప్పుకోవడమే ఇక్కడి పని.

గాలి కోసం పెట్టిన దారి

పొగాకు కాల్చకుండా పొగలాంటిది పీల్చాలనే ఊహ పాతదే. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం బీవర్ ఫాల్స్ వాసి హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో అలాంటి సాధనానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1965 ఆగస్టులో పేటెంటు వచ్చింది. సరుకు మాత్రం బజారుకు రాలేదు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత చైనాలోని షెన్‌యాంగ్‌లో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు మళ్లీ ఆ పనికి పూనుకున్నాడు. ఆయనకు పొగతాగే అలవాటు బాగా ఉండేది. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. నికోటిన్ కలిపిన ద్రవాన్ని అల్ట్రాసౌండ్ ప్రకంపనలతో తుంపరగా మార్చే సాధనాన్ని ఆయన 2003లో రూపొందించాడు. తర్వాత వచ్చిన నమూనాల్లో ప్రకంపనల స్థానాన్ని వేడి తీగ ఆక్రమించింది. ద్రవం తీగను తాకుతుంది, తీగ వేడెక్కి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. నేటికీ నడుస్తున్న సూత్రం ఇదే.

2006, 2007 నాటికి ఈ సరుకు యూరప్, అమెరికాలకు చేరింది. 2007లో షెన్‌జెన్‌లో మొదలైన జోయ్‌టెక్ అనే కంపెనీ ‘510’ అనే మోడల్ తెచ్చింది. చూడటానికి పెన్నంత సన్నటి మామూలు సాధనమే. కానీ బ్యాటరీకీ ఆటమైజర్‌కీ మధ్య దానిలో ఉన్న మర చుట్లు, అంటే 7 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకూ చుట్టుకూ అర మిల్లీమీటరు ఎడం, మొత్తం పరిశ్రమకు కొలమానమై కూర్చున్నాయి. ఏ ప్రమాణాల సంస్థా సమావేశమై తీర్మానించలేదు. ఎక్కువమంది దగ్గర అది ఉంది, మిగతావాళ్లు దానికి సరిపోయేట్టు చేసుకున్నారు. అందుకే ఒకరు చేసిన ఆటమైజర్ ఇంకొకరి పెట్టె మీద బిగుస్తుంది. ఇళ్లలో ప్రయోగాలు చేసేవాళ్లకు ఇంతకంటే పెద్ద వరం లేదు.

మర చుట్లున్న ఆ అతుకులో, అంటే 510 కీలులో, ఇంకో సంగతి ఉంది. చుట్టూ ఉన్న మర భాగం బ్యాటరీ రుణ ధ్రువానికి, నడుమ ఉన్న పిన్ను ధన ధ్రువానికి అంటుకుంటాయి. రెంటి మధ్యా కరెంటు పారని చిన్న రింగు. నడుమ పిన్ను బోలుగా ఉండేది. ఎందుకంటే పీల్చే గాలి వచ్చేది అటునుంచే. కీలు దగ్గరి గాట్ల ద్వారా గాలి లోపలికి వచ్చి, బోలు పిన్నులోంచి పైకి వెళ్లి, తీగ మీదుగా నోటికి చేరేది. అంటే ఆ రంధ్రాన్ని ఫ్యాక్టరీ వాళ్లే పెట్టారు, కాకపోతే గాలికోసం పెట్టారు. ద్రవం సంగతి అప్పటికి ఎవరి మనసులోనూ లేదు.

మూడో చెయ్యి కావలసి వచ్చింది

ఆనాటి సాధనాల్లో ద్రవం ఉండేది నోటి వైపు బిగించే చిన్న గుళికలో. అందులో దూదిలాంటి సింథటిక్ పీచు కూరి, దాన్ని ద్రవంతో తడిపేవారు. ఆ పీచును తాకుతూ ఆటమైజర్‌లో లోహపు జాలీతో చేసిన చిన్న వంతెన ఉండేది. పీచులోంచి వంతెనకు, వంతెనలోంచి తీగకు ద్రవం పాకాలి. కాగితం మీద బాగుంది గానీ, పీచు సగం ద్రవాన్ని తనలోనే పట్టి ఉంచుకునేది. పైన తడిగా కనిపించినా కింద తీగ ఎండిపోయి మాడు కంపు కొట్టేది.

వాడకందార్లు తేలిక దారి వెతికారు. గుళికను తీసి అవతల పారేసి, రెండు మూడు చుక్కలు నేరుగా వంతెన మీద వేసుకున్నారు. రుచి ఒక్కసారిగా బాగుపడింది. దీనికి డ్రిప్పింగ్ అని పేరొచ్చింది. రుచితోపాటు తలనొప్పీ వచ్చింది. కాసిని దమ్ములు లాగగానే మళ్లీ చుక్కలు వేయాలి. ఒక చేత్తో సాధనం, ఇంకో చేత్తో బుడ్డి, మూత తీయడానికి నోరు. కారు నడిపేవాడికి, పనిలో ఉన్నవాడికి ఇది కుదిరే వ్యవహారం కాదు. ఎక్కువ వేస్తే కారుతుంది, తక్కువ వేస్తే మాడుతుంది. డ్రిప్పింగ్ రుచి కావాలి, డ్రిప్పింగ్ అవస్థ వద్దు. బాటమ్ ఫీడింగ్‌కు దారితీసిన అవసరం ఇదీ.

ఇదే కాలంలో బ్యాటరీ సమస్య కూడా వాడకందార్లను ఇంటి పనిముట్ల దగ్గరికి తీసుకెళ్లింది. పెన్నంత సాధనంలో బ్యాటరీ గంటల్లో అయిపోయేది. 2008లో బ్రిటన్‌లో టార్చిలైటు గొట్టంలాంటి దాంట్లో పెద్ద బ్యాటరీ పెట్టి చేసిన ‘స్క్రూడ్రైవర్’ బాగా పేరు తెచ్చుకుంది. ఫ్యాక్టరీ సరుకును మార్చి చేసింది కాబట్టి ఇలాంటివాటికి ‘మాడ్’ అనే పేరు స్థిరపడింది. గొట్టాల తర్వాత పెట్టెలు వచ్చాయి. ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికే చిన్న అల్యూమినియం డబ్బాకు నెత్తిన ఒక 510 కీలు, పక్కన ఒక మీట, లోపల ఒక బ్యాటరీ. లాప్‌టాప్‌ల్లో ఉండే 18650 రకం సెల్ ఇందుకు సరిగ్గా సరిపోయింది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. డబ్బాలో సెల్ పెట్టాక పక్కన ఇంకా చోటు మిగిలింది.

ఆ మిగిలిన చోటులో బుడ్డి పెట్టాలని తోచినవాడే ఈ కథకు నాయకుడు. ఒకడా, వేర్వేరు ఊళ్లలో నలుగురైదుగురా అన్నది తేల్చి చెప్పడం కష్టం. తొలి తరం పెట్టెల్లో 2009 నాటి ‘జ్యూస్ బాక్స్’ అనే అమెరికన్ తయారీని తరచూ చెప్పుకుంటారు. దాని వెనకే అల్యూమినియం ఒళ్లుతో ‘రియో’ పెట్టెలు వచ్చి ఏళ్ల తరబడి నిలిచాయి. వీళ్లందరూ చేసింది ఒక్కటే. గాలి పైకెక్కే రంధ్రంలోంచి ద్రవాన్ని ఎక్కించారు. గాలికి వేరే దారి చూపించారు.

నొక్కితే పైకి, వదిలితే కిందికి

పని చేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. బుడ్డి మూతలోంచి సన్నటి గొట్టం అడుగుదాకా దిగుతుంది. దాని కొసను అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోస్తారు. లేకపోతే నొక్కినప్పుడు గొట్టం మూతి బుడ్డి అడుగుకు అతుక్కుని ద్రవం రాదు. గొట్టం పై కొస బోలుగా ఉన్న 510 కీలుకు తగులుకుని ఉంటుంది. బుడ్డిని నొక్కగానే ద్రవం కీలులోంచి, పిన్నులోంచి ఎక్కి ఆటమైజర్ అడుగున ఉన్న చిన్న గుంటలో నిలుస్తుంది. ఒత్తి తనకు కావలసినంత పీల్చుకుంటుంది. వేలు తీయగానే బుడ్డి మళ్లీ ఉబ్బుతుంది. ఇంకు పెన్నులో రబ్బరు తిత్తిని నొక్కి వదిలితే సిరా లోపలికి లాక్కున్నట్టే, గుంటలో మిగిలిన ద్రవాన్ని బుడ్డి వెనక్కి లాక్కుంటుంది. దాని వెనకే కొంచెం గాలి కూడా దిగి, ఖర్చయిన ద్రవం చోటును నింపుతుంది.

ఈ వెనక్కి లాక్కోవడంలోనే అసలు తెలివంతా ఉంది. ద్రవాన్ని పైకి పంపడం ఎవరైనా చేస్తారు. ఒక చిన్న పంపు చాలు. ఎక్కువైనదాన్ని తిరిగి తీసుకోవడమే కష్టం. మెత్తటి బుడ్డి ఆ రెండు పనులూ ఒక్క సాగుడు గుణంతో చేసేస్తుంది. కవాటం లేదు, మోటారు లేదు, సెన్సరు లేదు. బొటనవేలికి ఒకటి రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

అలాగని ఇబ్బందులు లేకపోలేదు. ఈ ద్రవంలో ముఖ్యంగా రెండు పదార్థాలుంటాయి, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మామూలు గది వేడిలో గ్లిజరిన్ చిక్కదనం గ్లైకాల్ కంటే ఇరవై రెట్లకు పైన ఉంటుంది. గ్లిజరిన్ పాలు ఎక్కువైతే, అందులోనూ చలికాలం పొద్దున్నే, ద్రవం సన్నటి రంధ్రంలో మొరాయిస్తుంది. రంధ్రం పెద్దది చేస్తే పిన్ను గోడ పలచబడుతుంది. ఈ బేరం ఎక్కడ తెగాలన్నది పుస్తకాల్లో లేదు. ఎవరి చేతికి వాళ్లు తేల్చుకున్నారు.

రంధ్రం మూసుకుపోయింది

2010 తర్వాత ఆటమైజర్ల రూపమే మారిపోయింది. తీగ మాడిపోతే మొత్తం ఆటమైజర్‌ను పారేయడం ఎందుకని, తీగనూ ఒత్తినీ మనమే మార్చుకునే రకం వచ్చింది. లోపల చిన్న పళ్లెం, దాని మీద రెండు స్తంభాలు. తీగను సన్నటి ఊచ మీద ఐదారు చుట్లు చుట్టి, కొసలను స్తంభాలకు బిగించి, మధ్యలో ఒత్తి దూర్చుకోవడం. కొలిమి కాయిల్స్‌లో వాడే కాంతల్, నిక్రోమ్ తీగలే ఇక్కడికీ వచ్చాయి. ఒత్తికి మొదట సిలికా తాడు వాడారు, తర్వాత దూది గెలిచింది.

దాంతోపాటు విద్యుత్తు లెక్క కూడా మారింది. పాత 510 ఆటమైజర్ నిరోధం రెండు ఓములకు పైన ఉండేది, ఆరు వాట్ల దగ్గర పనిచేసేది. కొత్త తరం వాళ్లు తీగను లావు చేసి నిరోధాన్ని అర ఓముకు దించారు. నిండుగా ఛార్జి అయిన సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. అర ఓము మీద అది 8.4 ఆంపియర్లు, 35 వాట్లు. ఆవిరి దట్టంగా వచ్చింది. దానికి గాలి కూడా బోలెడు కావాలి. అంత గాలి నడుమ పిన్నులోని సన్నటి దారిలో పట్టదు. గాలి దారిని ఆటమైజర్ పక్క గోడలకు మార్చారు. ఇక నడుమ పిన్నుకు రంధ్రంతో పని లేకపోయింది. బోలు పిన్ను పోయి, తలకాయ ఉన్న నిండు మర వచ్చి కూర్చుంది.

చిక్కు ఇక్కడే. వాట్లు పెరిగేసరికి ద్రవం ఖర్చు కూడా పెరిగింది. చుక్కలు వేసే అవస్థ మునుపటికంటే ఎక్కువైంది. అంటే బాటమ్ ఫీడింగ్ అవసరం ఎప్పటికంటే ఎక్కువగా ఉన్న రోజుల్లోనే దానికి కావలసిన రంధ్రం మాయమైంది. బుడ్డి పెట్టెలు ఉన్నవాళ్లకు కొత్త ఆటమైజర్లు పనికిరావు. కొత్త ఆటమైజర్లు చేసే కంపెనీలకు బుడ్డి పెట్టెల వాళ్లు లెక్కలోకి రారు. వాళ్ల సంఖ్య అంత తక్కువ.

మరలో దారి తొలిచిన చేతులు

అప్పుడు డ్రిల్లు బయటికి తీశారు. తొలవవలసిన వస్తువు ఎంతదో ముందు చూడాలి. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం, సెంటీమీటరు పొడవు కూడా లేని మర. దాని నడినెత్తిన మొదలుపెట్టి, ఈ కొసనుంచి ఆ కొసకు మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల దారి వేయాలి. మధ్యగీత తప్పితే ఒక పక్క గోడ పలచబడి, బిగించేటప్పుడు మర విరుగుతుంది. చేతి డ్రిల్లుతో ఇది తేలిగ్గా సాగే పని కాదు. బల్లకు బిగించిన డ్రిల్ ప్రెస్సు ఉన్నవాళ్లు దాంతో చేశారు. చిన్న లేత్ ఉన్నవాళ్లు ఇంకా నిఖార్సుగా చేశారు. ఏదీ లేనివాళ్లు మర చుట్లు పాడవకుండా రెండు నట్లు బిగించి, ఆ నట్లను వైస్‌లో పట్టించి, సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టి మొదలుపెట్టారు.

స్టెయిన్‌లెస్ స్టీలు మర అయితే ఇంకో పేచీ. ఈ లోహం కోత పడుతున్నకొద్దీ గట్టిపడుతుంది. బిట్టు మొద్దుబారి కోయకుండా రుద్దుతూ ఉంటే, ఆ రుద్దిన చోటు అద్దంలా మెరిసి బిట్టును లోపలికి దిగనివ్వదు. అందుకని పదునైన బిట్టు, తక్కువ వేగం, గట్టి ఒత్తిడి, మధ్యమధ్య నూనె చుక్క. కొంచెం దిగగానే బిట్టును పైకి లాగి రజను దులపాలి. లేకపోతే రజను ఇరుక్కుని, మిల్లీమీటరు బిట్టు పుటుక్కున విరిగి మరలోనే ఉండిపోతుంది. అప్పుడు మరా పోయింది, బిట్టూ పోయింది.

దారి పడినంత మాత్రాన పని అయిపోలేదు. నిలువుగా ఉన్న రంధ్రం మర తల మీద తెరుచుకుంటే, నొక్కినప్పుడు ద్రవం ఊటలా ఎగిరి నేరుగా కాయిల్‌కు తగిలి, అక్కణ్నుంచి నోటిలోకి చిమ్ముతుంది. కొందరు మర తలకు అడ్డంగా గాడి కోశారు. ఇంకొందరు తల కింద అడ్డంగా మరో రంధ్రం వేసి, నిలువు దారిని దాంట్లో కలిపి, పైభాగాన్ని మూసి ఉంచారు. ద్రవం పక్కలకు తిరిగి పళ్లెం అడుగునే పరుచుకుంటుంది. తర్వాత గాలి రంధ్రాల వంతు. అవి పళ్లెం అడుగుకు దగ్గరగా ఉంటే బుడ్డిని కాస్త గట్టిగా నొక్కగానే బయటికి కారిపోతుంది. అలాంటి ఆటమైజర్లలో పాత రంధ్రం పూడ్చి, కాయిల్ ఎత్తున కొత్తది వేసుకోవాలి. చివరికి అన్నిటినీ వేడినీళ్లలో, స్పిరిట్‌లో కడిగి, నూనె జిడ్డూ లోహపు రజనూ పోయిందాకా తోమాలి. మీటరు పెట్టి మధ్య మర పక్క లోహానికి తగలడం లేదని చూసుకున్నాకే బ్యాటరీ మీద బిగించాలి.

స్టీలుతో పడలేక చాలామంది ఇత్తడి పిన్నులు చేసుకున్నారు. ఇత్తడి వెన్నలా కోసుకుంటుంది, రజను చిన్న ముక్కలుగా రాలిపోతుంది, కరెంటు స్టీలు కంటే బాగా పారుతుంది. మర పనికి వాడే ఇత్తడి అంత సులువుగా తెగడానికి కారణం దానిలో కలిపే సీసం. ఎక్కువగా వాడే రకంలో అది నూటికి రెండున్నర నుంచి మూడు పాళ్లు ఉంటుంది. కోతకు సుఖమిచ్చిన ఆ లోహాన్ని ఒరుసుకుంటూ రోజంతా ద్రవం పైకీ కిందికీ తిరుగుతుంది, ఆ ద్రవం ఆవిరై ఊపిరితిత్తులకు చేరుతుంది. వర్క్‌షాపులో మంచి ఎంపిక, ఊపిరితిత్తులకు కూడా మంచిదే అవ్వాలని లేదు.

నాలుకకు అందని లెక్క

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు ఎరిక్ వాన్ హిప్పెల్ వాడకందార్లే ఆవిష్కర్తలుగా మారే తీరును దశాబ్దాలుగా పరిశీలించాడు. రేపు అందరికీ రాబోయే అవసరం కొందరికి ముందే వస్తుందనీ, కంపెనీ తీర్చేదాకా ఆగలేక వాళ్లే ఏదో ఒకటి చేసుకుంటారనీ 1986లో ఆయన రాసిన వ్యాసం సారాంశం. అలాంటివాళ్లను ‘లీడ్ యూజర్లు’ అన్నాడు. కాలిఫోర్నియా కొండల్లో పాత సైకిళ్లను మార్చుకుని మౌంటెన్ బైక్ పుట్టించినవాళ్లు ఆ కోవలోకే వస్తారు. బుడ్డి పెట్టెల వాళ్లూ అంతే. మూడో చెయ్యి అవసరమని ఏ మార్కెట్ సర్వే చెప్పలేదు. కారు నడుపుతూ చుక్కలు వేసుకోబోయినవాడికి మాత్రం బాగా తెలుసు.

అయితే ఈ పద్ధతికి ఒక గుడ్డితనం ఉంది. ఇంట్లో చేసినదాన్ని పరీక్షించే సాధనాలు ఏమిటి? బొటనవేలు, నాలుక, కళ్లు. కారితే వేలికి తెలుస్తుంది. మాడితే నాలుకకు తెలుస్తుంది. ఆవిరి తగ్గితే కళ్లకు తెలుస్తుంది. ఈ మూడింటికీ తెలిసే లోపాలన్నీ చకచకా సరిదిద్దుకున్నారు. తెలియనివి అలాగే ఉండిపోయాయి.

అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో 56 మంది వాడకందార్ల సాధనాలను తీసుకుని పరీక్షించారు. బుడ్డిలో ఉన్న ద్రవంలో లోహాలు పెద్దగా లేవు. వేడి కాయిల్‌ను తాకాక, ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం, మాంగనీసు గణనీయంగా కనిపించాయి. చాలా నమూనాల్లో ఆ మోతాదులు సురక్షిత పరిమితులను దాటాయి. అవి ఇళ్లలో తొలిచిన పిన్నుల మీద చేసిన పరీక్షలు కావు. లోహం ఎక్కడ ద్రవాన్ని తాకుతుందో అక్కణ్నుంచి ఊపిరితిత్తులదాకా దారి ఉందని మాత్రం తేల్చాయి. ఆ దారిని ఏ నాలుకా పసిగట్టలేదు.

రెండో ప్రమాదం బ్యాటరీది. తొలి పెట్టెల్లో చాలావాటికి ఎలక్ట్రానిక్ రక్షణ ఏదీ లేదు. మీట నొక్కితే సెల్ నేరుగా కాయిల్‌కు తగులుతుంది. పిన్ను రింగు కరిగినా, తీగ కొస పక్కకు తగిలినా షార్టు. మంచి సెల్ అయినా ఇరవై ముప్పై ఆంపియర్లకు మించి తట్టుకోదు. రియో పెట్టెలో దీనికో ఉపాయం చేశారు. సెల్ కింద పెట్టిన స్ప్రింగు షార్టు అయినప్పుడు వేడెక్కి చతికిలబడి కరెంటు తెంచేస్తుంది. అందరూ అంత జాగ్రత్త పడలేదు. 2018లో ఫ్లోరిడాలో, 2019లో టెక్సాస్‌లో ఈ-సిగరెట్ బ్యాటరీలు పేలి ఇద్దరు చనిపోయారు. మూడోది, చేతిలో తిరిగే ద్రవంలో ఉన్నది నికోటిన్. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకే విషం. కారడం అనేది ఒట్టి జిడ్డు సమస్య కాదు.

ఫ్యాక్టరీకి చేరింది, చట్టానికీ చిక్కింది

2016లో చైనా కంపెనీ కాంగర్‌టెక్ ‘డ్రిప్‌బాక్స్’ పేరుతో బుడ్డి పెట్టెను పెద్ద ఎత్తున బజారుకు తెచ్చింది. చేత్తో చేసిన పెట్టె ధరలో కొద్ది వంతుకే దొరికింది. ఒకటి రెండేళ్లలో మిగతా కంపెనీలు కూడా దిగాయి. తీగ మార్చుకునే ఆటమైజర్ కొంటే, అందులో మామూలు పిన్నుతోపాటు రంధ్రం ఉన్న పిన్ను ఒకటి చిన్న కవర్లో పెట్టి ఇవ్వడం మామూలైపోయింది. డ్రిల్లు పట్టినవాళ్ల శ్రమకు ఆ కవరే గుర్తింపు. రాయల్టీ లేదు, పేరు లేదు.

సరిగ్గా అదే ఏడాది చట్టాలు కూడా వచ్చాయి. యూరప్‌లో 2016 మే నుంచి ట్యాంకుల పరిమాణాన్ని 2 మిల్లీలీటర్లకు, నికోటిన్‌ను మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు పరిమితం చేశారు. అమెరికాలో ఆగస్టు 8 నుంచి ఈ సరుకు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరిధిలోకి వచ్చింది. కొత్త సాధనం అమ్మాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరైంది. గ్యారేజీలో పది పెట్టెలు చేసి అమ్ముకునేవాడు కూడా చట్టం దృష్టిలో తయారీదారే. అనుమతికి కావలసిన పరీక్షల ఖర్చు అతని ఇల్లు అమ్మినా చాలదు. చిన్న తయారీదార్లు చాలామంది దుకాణం కట్టేశారు.

మన దేశం ఇంకా ముందుకెళ్లింది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. తయారుచేసినా అమ్మినా మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. రెండోసారికి మూడేళ్లు, ఐదు లక్షలు. పూర్తి సాధనమైనా, దానిలో ఏ భాగమైనా నిషేధమేనని చట్టంలోనే ఉంది. ఆ లెక్కన అమ్మకానికి తొలిచిన పిన్ను కూడా నేరమే. పొగాకు పండించే నేల మీద ఈ చట్టం అమలవుతుండటం ఇంకో విశేషం. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థను 1947లో రాజమండ్రిలో పెట్టారు. పొగాకు వ్యర్థాల నుంచి నికోటిన్ తీయడం మన దగ్గర పాత విద్యే. ఒకప్పుడు దాన్ని పురుగుమందుగా విదేశాలకు పంపేవాళ్లం. చుట్ట, బీడీ, సిగరెట్టు బడ్డీకొట్లో అమ్ముతూ ఆవిరి సాధనాన్ని మాత్రం నిషేధించడమేమిటని అడిగేవాళ్లున్నారు. పాతదాన్ని మాన్పలేకపోతున్నప్పుడు కొత్తది పిల్లలకు అంటకుండా ఆపడం మేలని జవాబు చెప్పేవాళ్లూ ఉన్నారు.

బజారు ఈ వాదనలకోసం ఆగలేదు. 2015లో అమెరికాలో వచ్చిన ‘జూల్’ ముందే నింపి మూసేసిన గుళికల సాధనాల కాలాన్ని తెచ్చింది. తీగ మార్చనక్కర్లేదు, ఒత్తి దూర్చనక్కర్లేదు, నొక్కనక్కర్లేదు. బడిపిల్లల జేబుల్లోకి వెళ్లింది కూడా ఆ సులువు వల్లే. డ్రిల్లు పట్టి మర తొలిచే ఓపిక పిల్లలకెక్కడిది? ఇళ్లలో బాగుచేసుకునే విద్య కొద్దిమంది అభిరుచిగా మిగిలింది.

ద్రవం కోసం పిన్నుకు రంధ్రం పెట్టిందెవరన్న ప్రశ్నకు జవాబు, వాడకందార్లు. తమ అవసరం వాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకీ తెలియదు, అందుకే మోటారూ కవాటమూ లేని అంత చక్కటి ఏర్పాటు వాళ్ల చేతుల్లోనే కుదిరింది. కానీ వాడకం నేర్పేది వాడకంలో ఎదురయ్యే ఇబ్బందులను మాత్రమే. ఇరవై ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లో తేలే ఫలితం గురించి అది ఏమీ నేర్పదు. ఆ లెక్క కట్టడానికి ప్రయోగశాల కావాలి, దాని మాట వినిపించే చట్టం కావాలి. ఈ సరుకు విషయంలో ఆ రెండూ డ్రిల్లు తర్వాత చాలా ఆలస్యంగా వచ్చాయి. ఒంట్లోకి వెళ్లే ఏ వస్తువును ఇంట్లో మార్చుకోబోయినా, మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది పనిచేస్తుందా అని కాదు, ఇది పాడుచేస్తే నాకు తెలుస్తుందా అని.